గడువు తీరకముందే ముగిసిన సభ: నార్ఫోక్ దీవి శాసనసభ చెప్పే పాఠం

ప్రజాప్రాతినిధ్యం గురించి మాట్లాడమంటే ఎవరికైనా ముందు పెద్ద చట్టసభలే గుర్తొస్తాయి. ఈ సాయంత్రం మాత్రం తొమ్మిది మంది సభ్యులున్న ఒక సభ గురించి మాట్లాడదలచుకున్నాను. పెద్ద సభల్లో పార్టీలు, విప్‌లు, కోట్ల బడ్జెట్లు కలిసి అసలు విషయాన్ని మరుగున పడేస్తాయి. చిన్న సభకు ఆ చాటు ఉండదు. దాన్ని ఎవరు ఎన్నుకున్నారు, ఎవరు పోషించారు, ఎవరు రద్దు చేశారు అని అడిగితే సూటిగా జవాబు దొరుకుతుంది. ఆ సభ పసిఫిక్ మహాసముద్రంలో ఆస్ట్రేలియా పాలనలో ఉన్న నార్ఫోక్ దీవి శాసనసభ. దాని పద్నాలుగో సభ 2013 మార్చి 13న ఎన్నికైంది. మూడేళ్ల గడువు పూర్తి కాకుండానే 2015 జూన్ 17న రద్దయింది. సభతోపాటు శాసనసభ అనే వ్యవస్థే ఆ దీవిలో లేకుండా పోయింది. నా వాదన ఒక్కటే. ఖజానా చాలకపోవడం వేరు, తమను తాము పాలించుకునే అర్హత లేకపోవడం వేరు. నార్ఫోక్ విషయంలో మొదటిది రుజువైంది. దాన్నే రెండోదానికి రుజువుగా తీసుకున్నారు. అక్కడే న్యాయం తప్పింది.

ముందు స్థలం సంగతి. సిడ్నీకి ఈశాన్యంగా సుమారు 1,700 కిలోమీటర్ల దూరంలో, సుమారు 35 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న దీవి ఇది. సభ రద్దయ్యే నాటికి జనాభా 1,800కు కాస్త అటూ ఇటూ. ఓడ నేరుగా వచ్చి ఆగే రేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరేస్తే, సరుకును చిన్న పడవల్లోకి దించి కింగ్‌స్టన్ దగ్గరో కాస్కేడ్ దగ్గరో ఉన్న జెట్టీకి చేర్చాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడ ఎదురుచూడాల్సిందే. బియ్యం బస్తా నుంచి కారు దాకా ప్రతి వస్తువు ధరలోనూ ఈ కష్టం కలిసి ఉంటుంది. బ్రిటిష్‌వారు ఈ దీవిని 1788 నుంచి 1814 దాకా, మళ్లీ 1825 నుంచి 1855 దాకా ఖైదీల స్థావరంగా వాడుకున్నారు. ఆ తర్వాత 1856 జూన్ 8న పిట్‌కెర్న్ దీవి నుంచి 194 మంది ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. బౌంటీ ఓడలో తిరుగుబాటు చేసిన నావికులకూ తాహితీ స్త్రీలకూ పుట్టిన సంతతి వారు. పిట్‌కెర్న్‌లో 1838 నాటి చట్టంతోనే స్త్రీలకు ఓటు హక్కు దక్కింది. అప్పటికి బ్రిటన్‌లోనే స్త్రీలకు ఓటు లేదు. అంటే ఈ జనానికి ఎన్నిక అనేది ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు, వెంట తెచ్చుకున్న అలవాటు. 1914లో దీవి ఆస్ట్రేలియా చేతికి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా స్థానికులకు మిగిలింది సలహా ఇచ్చే మండలి మాత్రమే.

1975లో ఆస్ట్రేలియా ప్రభుత్వం జాన్ నిమ్మో అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్‌ను వేసింది. దీవిని ఆస్ట్రేలియాలో పూర్తిగా కలిపేయాలనీ, పన్నులూ సంక్షేమమూ ప్రధాన భూభాగంలో ఉన్నట్టే ఇక్కడా ఉండాలనీ ఆ కమిషన్ 1976లో చెప్పింది. ప్రధాని మాల్కం ఫ్రేజర్ ప్రభుత్వం ఆ మాట పక్కనపెట్టి వేరే దారి పట్టింది. ఆ దారే 1979 నాటి నార్ఫోక్ దీవి చట్టం. పిట్‌కెర్న్ సంతతికీ ఈ దీవికీ ఉన్న ప్రత్యేక సంబంధాన్ని ఆ చట్టం పీఠికలోనే గుర్తించారు. కాలక్రమేణా దీవి అంతర్గత స్వపరిపాలన సాధించాలన్నది దీవి ప్రజల కోరిక అనీ, అది వాంఛనీయమని పార్లమెంటు భావిస్తోందనీ అక్కడే రాశారు. 2015లో జరిగింది ఏదో మరిచిపోయిన పాత ఏర్పాటును సర్దడం కాదు. పార్లమెంటు తానే రాతపూర్వకంగా పెట్టుకున్న లక్ష్యాన్ని తానే విడిచిపెట్టడం.

ఆ చట్టం ఇచ్చిన అధికారాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రోడ్లు, నీళ్లు, కరెంటు, పశువులు, కలుపు మొక్కలు లాంటి పంచాయతీ స్థాయి పనులు ఒక జాబితాలో ఉండేవి. కస్టమ్స్, వలసల నియంత్రణ, విద్య, చేపల వేట, సామాజిక భద్రత లాంటివి మరో జాబితాలో ఉండేవి. మొదటి జాబితాలోని విషయాల మీద సభ దాదాపు స్వతంత్రంగా చట్టం చేయగలిగేది. రెండో జాబితా విషయాల్లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా ప్రభుత్వం మాట చెల్లేది. సైన్యం పెట్టకూడదు, నాణేలు ముద్రించకూడదు, న్యాయమైన పరిహారం లేకుండా ఆస్తి తీసుకోకూడదు అని కొన్ని నిషేధాలు కూడా ఉండేవి. 1997లో కారుణ్య మరణం గురించిన చట్టాన్ని కూడా ఆ నిషేధాల్లో చేర్చారు. సూక్ష్మంగా చూస్తే ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. మురుగు కాలువ దగ్గర్నుంచి వీసా దాకా, అంటే పంచాయతీ, రాష్ట్రం, కేంద్రం చేసే పనులు మూడూ 1,800 మంది మీద పడ్డాయి. ఆ పనులకు డబ్బు మాత్రం దీవిలోనే పుట్టాల్సి వచ్చేది. స్థానిక ఆదాయం మీద ఆదాయపు పన్ను ఉండేది కాదు. కస్టమ్స్ సుంకం, ప్రభుత్వమే నడిపే మద్యం దుకాణం, టెలిఫోన్, తపాలా బిళ్లలు, విమానాశ్రయం రుసుములు, 2007 నుంచి వస్తుసేవల పన్ను, వీటితోనే ఆస్పత్రి నుంచి బడి దాకా నడవాల్సి వచ్చేది. వీటన్నిటికీ మూలం పర్యాటకులు. పర్యాటకుడు రాకపోతే ఖజానా ఖాళీ.

ఇప్పుడు ఎన్నిక సంగతి కాస్త దగ్గర నుంచి చూద్దాం. ప్రతి ఓటరుకూ తొమ్మిది ఓట్లు ఉండేవి. వాటిని తనకు నచ్చిన అభ్యర్థుల మధ్య పంచే వీలుండేది. ఒక్కొక్కరికి మాత్రం రెండుకు మించి వేయడానికి లేదు. పార్టీల ప్రమేయం దాదాపు ఉండేది కాదు. ఒక అభ్యర్థి అంటే బాగా ఇష్టమైతే రెండు ఓట్లు, సరే పోనీ అనుకుంటే ఒకటి. ఈ పద్ధతిలో అల్పసంఖ్యాకులు కూడా తమ ఓట్లను కొద్ది మంది మీద కేంద్రీకరించి ఒకరిద్దరిని గెలిపించుకునే వీలుండేది. ఎన్నికైన తొమ్మిది మందీ కింగ్‌స్టన్‌లో ఖైదీల కాలం నాటి పాత సైనిక బారకుల్లో సమావేశమయ్యేవారు. ఆ కింగ్‌స్టన్ ప్రాంతం 2010లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఓటర్ల సంగతికొస్తే, టెలిఫోన్ డైరెక్టరీలో మనుషుల పేర్లు ముద్దుపేర్లతో అచ్చయ్యే ఊరు ఇది. ఇక్కడ శాసనసభ్యుడు పన్ను వేస్తే అది ముఖం తెలియని పౌరుడి మీద పడదు. పొద్దున దుకాణంలో పలకరించిన మనిషి మీద పడుతుంది. ఇది ఈ సభకు బలమూ అయింది, బలహీనతా అయింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

2008 ఆర్థిక మాంద్యం తర్వాత పర్యాటకులు తగ్గారు. దీవి ప్రభుత్వం తానే భారం మోస్తూ నడిపిన విమాన సర్వీసు నష్టాల్లో కూరుకుపోయింది. 2010 నవంబరులో ముఖ్యమంత్రి డేవిడ్ బఫెట్ కాన్‌బెర్రా సాయం కోరారు. దానికి బదులుగా స్వపరిపాలనలో కొంత భాగం వదులుకోవడానికీ, ఆస్ట్రేలియా పన్నుల వ్యవస్థలోకి రావడానికీ సిద్ధమన్నారు. ఈ బఫెట్టే 1979లో మొదటి సభ నాయకుడు. చివరిదైన పద్నాలుగో సభకు స్పీకరు కూడా ఆయనే. ఒక సభ పుట్టుకనూ, సాయం కోసం చేయి చాచిన రోజునూ, ముగింపునూ ఒకే మనిషి పదవిలో ఉండి చూడడం ప్రపంచ చట్టసభల చరిత్రలో అరుదు. 2011లో రెండు ప్రభుత్వాల మధ్య ఒక అవగాహన కుదిరింది. సంస్కరణలు చేస్తే నిధులిస్తామన్నది దాని సారాంశం. 2014 అక్టోబరులో ఆస్ట్రేలియా పార్లమెంటు సంయుక్త కమిటీ ఇచ్చిన నివేదిక ఇంకో మెట్టెక్కింది. 1979 చట్టాన్ని రద్దు చేసి స్థానిక సంస్థ లాంటిది పెట్టమంది. 2015 మార్చిలో ప్రభుత్వం ఆ మాట అమలు చేస్తానని ప్రకటించింది. ముఖ్యమంత్రి లైల్ స్నెల్ ప్రభుత్వం దాన్ని వ్యతిరేకించి, మే 8న ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. అడిగింది స్వాతంత్ర్యం కావాలా అని కాదు. మా రాజకీయ హోదాను నిర్ణయించుకునే హక్కు మాకు ఉండాలా, పాలన తీరు మార్చే ముందు మమ్మల్ని అడగాలా అని మాత్రమే. సుమారు 68 శాతం మంది అవునన్నారు. అదే నెలలో ఆస్ట్రేలియా పార్లమెంటు చట్టం చేసింది. జూన్ 17న సభ రద్దయింది.

ఈ నిర్ణయాన్ని సమర్థించేవారి వాదనలు తేలిగ్గా కొట్టేయదగ్గవి కావు. వాటిలో మొదటిది డబ్బు గురించినది. సొంత ఖర్చులు భరించలేని ప్రభుత్వం, ఇంకొకరి పన్నుదారుల డబ్బు అడుగుతూ, అధికారం మాత్రం నా దగ్గరే ఉండాలంటే ఎలా అని అడుగుతారు. ఇందులో కొంత నిజం ఉంది. డబ్బిచ్చేవాడు లెక్క అడగొచ్చు, అడగాలి కూడా. కానీ లెక్క అడగడం నుంచి సభను రద్దు చేయడం దాకా ఒక్క గంతు వేయాల్సిన అవసరం ఉందా? పసిఫిక్‌లోనే దీనికి జవాబుంది. నార్ఫోక్‌తో దాదాపు సమానమైన జనాభా ఉన్న నియూ దీవి 1974 నుంచి న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో ఉంది. నియూ సభలో 20 మంది సభ్యులు. దీవి బడ్జెట్ ఎక్కువగా న్యూజిలాండ్ సాయం మీదే ఆధారపడుతుంది. ఆర్థికంగా, పాలనాపరంగా సాయం చేయడం న్యూజిలాండ్ బాధ్యతగా ఆ ఏర్పాటు చట్టంలోనే రాశారు. అయినా నియూ కోరితే తప్ప న్యూజిలాండ్ పార్లమెంటు అక్కడికి చట్టం చేయదు. నియూ రాజ్యాంగంలో ముఖ్యమైన అధికరణాలు మార్చాలంటే సభలో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజల ఓటు కావాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన శాసనాధికారం దాత చేతికి పోవాల్సిన పని లేదని నియూ దశాబ్దాలుగా రుజువు చేస్తోంది.

రెండో అభ్యంతరం పరిమాణం గురించినది, నా దృష్టిలో ఇది మరింత బలమైనది. 1,800 మంది ఉన్నచోట అందరూ బంధువులో స్నేహితులో అవుతారు. ఇందాక టెలిఫోన్ డైరెక్టరీ గురించి చెప్పింది ఇందుకే. అలాంటి చోట భూమి పన్ను వేయడానికి సభ జంకుతుంది, ఉద్యోగాలు సమర్థుల కంటే సన్నిహితులకు దక్కుతాయి, ఆడిట్ అంటే ఎదురింటివాడిని నిలదీయడంలా ఉంటుంది. నార్ఫోక్ సభలు పన్నుల ఆధారాన్ని విస్తరించడానికి ఎన్నో ఏళ్లు వెనకాడాయన్నది కాదనలేని నిజం. కానీ ఈ జబ్బుకు మందు వేరే ఉంది. ఆడిట్‌ను బయటి సంస్థకు అప్పగించవచ్చు. ఉన్నతోద్యోగాల నియామకం స్వతంత్ర కమిషన్ చేతికి ఇవ్వొచ్చు. అప్పుల మీద పరిమితి పెట్టొచ్చు. 2010 సవరణ చట్టం ఈ దిశలోనే కొంత పర్యవేక్షణ కాన్‌బెర్రాకు ఇచ్చింది కూడా. ఆ మందు పనిచేస్తుందో లేదో చూసేంత కాలం ఇవ్వకుండానే రోగిని వదిలేశారు. తర్వాత జరిగింది ఈ మాటకు సాక్ష్యం. 2016 జులై 1 నుంచి సభ స్థానంలో ఐదుగురు సభ్యుల ప్రాంతీయ కౌన్సిల్ పనిచేయడం మొదలుపెట్టింది. 2021లో ఆర్థిక నిర్వహణ బాగాలేదంటూ ఆ కౌన్సిల్‌నే సస్పెండ్ చేసి, విచారణ జరిపి, చివరికి ఎన్నికైన సభ్యులను తొలగించారు. ఆపైన నియమితుడైన అధికారి ఏళ్ల తరబడి పాలన నడిపాడు. శాసనసభ అనే హోదానే జబ్బుకు మూలమైతే, శాసనసభ పోయాక జబ్బు తగ్గాలి కదా? తగ్గలేదు. సభ పోయింది, సమస్య మిగిలింది.

మూడో అభ్యంతరం పేదల పక్షాన వచ్చింది, కాబట్టి దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. ఆస్ట్రేలియా పౌరుడే అయినా నార్ఫోక్‌లో ఉన్నందుకు మెడికేర్ అనే జాతీయ వైద్య బీమా ఉండేది కాదు, జాతీయ వృద్ధాప్య పింఛను ఉండేది కాదు, నిరుద్యోగ భృతి ఉండేది కాదు. దీవికి తనదంటూ ఒక చిన్న సంక్షేమ పథకం, వైద్య నిధి ఉన్నా అవి సరిపోయేవి కావు. జబ్బు ముదిరితే ప్రధాన భూభాగానికి విమానంలో తీసుకెళ్లాల్సి వచ్చేది, ఆ ఖర్చు కుటుంబాన్ని ముంచేది. స్వపరిపాలన అనే గొప్ప మాట కోసం ముసలివాళ్ల పింఛను ఆపడం ఏం న్యాయం అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న పింఛను ఇవ్వమని చెబుతోంది తప్ప సభను రద్దు చేయమని చెప్పడం లేదు. ఆదాయపు పన్ను, మెడికేర్, సంక్షేమం ఇవన్నీ కాన్‌బెర్రా చట్టాలతో నేరుగా దీవికి విస్తరించగలిగేవే. 2016 జులైలో అలాగే విస్తరించారు కూడా. దీవి నాయకత్వమే 2010లో ఈ బేరానికి ముందుకొచ్చింది. కేంద్రం పని కేంద్రం తీసుకుని, రాష్ట్రం, పంచాయతీ పనులు సభకు వదిలేయడానికి ఏ అడ్డంకీ లేదు. మూడు భారాల్లో ఒకటి దించమంటే, మోసేవాణ్ణే ఇంటికి పంపారు.

అసలు చిత్రం రాష్ట్ర స్థాయి పనుల్లో ఉంది. సభ పోయాక దీవికి న్యూ సౌత్ వేల్స్ చట్టాలు వర్తింపజేశారు. బడి, ఆస్పత్రి సేవలు ఆ రాష్ట్రం నుంచే వచ్చాయి. 2022 నుంచి సేవలు క్వీన్స్‌లాండ్ ఇస్తోంది. కానీ దీవివాసులు న్యూ సౌత్ వేల్స్ శాసనసభకూ ఓటు వేయలేరు, క్వీన్స్‌లాండ్ శాసనసభకూ వేయలేరు. ఫెడరల్ ఎన్నికల్లో మాత్రం రాజధాని కాన్‌బెర్రాలోని ఒక నియోజకవర్గంలో వాళ్లను కలిపారు. లక్ష మంది నగరవాసుల మధ్య వెయ్యి ఓట్లు ఎంత బరువు తూగుతాయో చెప్పనక్కర్లేదు. తాము ఎన్నుకోని సభ చేసిన చట్టం కింద బతకడం ప్రాతినిధ్య లోపం అని రాజకీయ శాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతారు. లోపాన్ని సరిదిద్దుతామని వచ్చిన సంస్కరణ ఇంకో లోపాన్ని తెచ్చిపెట్టింది.

చివరిగా చట్టం పక్షం వారి మాట. ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 122వ సెక్షన్ భూభాగాల మీద పార్లమెంటుకు పూర్తి అధికారం ఇచ్చింది కాబట్టి చేసినదంతా చట్టబద్ధమే అంటారు. చట్టబద్ధమే, నేనూ ఒప్పుకుంటాను. దీవి ఎన్నికల్లో కొత్తగా ఓటరుగా చేరాలన్నా పోటీ చేయాలన్నా ఆస్ట్రేలియా పౌరసత్వం ఉండాలన్న 2004 సవరణను 2007లో హైకోర్టు సమర్థించింది. అక్కడ హైకోర్టు అంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం. అప్పుడే కాన్‌బెర్రా చేయి ఎంత పొడుగో తేలిపోయింది. కానీ చేయగల అధికారం ఉండడం, అలా చేయడం సబబు కావడం రెండు వేర్వేరు సంగతులు. మన దగ్గరే చూడండి. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో ఏర్పడింది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ పార్లమెంటు సాధారణ చట్టమే చేసింది. కానీ మన రాజ్యాంగంలోని 169వ అధికరణం ప్రకారం ముందు రాష్ట్ర శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి. ఆ తీర్మానం లేకుండా పార్లమెంటు కదలకూడదు. మండలి కావాలా వద్దా అన్న వాదన 2007 తర్వాతా నడిచింది. అయితే అది రాష్ట్రం లోపలే నడిచిన వాదన. నార్ఫోక్‌కు ఆ ఒక్క మెట్టు లేదు. సభ ఉనికిని ప్రశ్నించేటప్పుడు సభను గానీ ప్రజలను గానీ అడగాల్సిన పని లేకపోయింది.

ప్రజలను అడిగితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంకో చిన్న దీవుల సమూహం ఉంది. న్యూజిలాండ్ పాలనలో ఉన్న టోకెలావు జనాభా సుమారు 1,500. అక్కడ న్యూజిలాండ్ స్వపరిపాలన వైపు జరగమని ప్రోత్సహించింది. కానీ మూడింట రెండు వంతుల ఓట్లు వస్తేనే మార్పు అని షరతు పెట్టారు. 2006లో 60 శాతం మంది అవునన్నారు, చాలలేదు. 2007లో 64 శాతం దాటింది, పదహారు ఓట్ల తేడాతో ఆగిపోయింది. పదహారు ఓట్లు తక్కువైనందుకు పాత ఏర్పాటే కొనసాగింది. న్యూజిలాండ్ తనకు నచ్చిన ఫలితం రాలేదని ప్రజల మాట దాటలేదు. రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట 64 శాతం మంది మార్పు కావాలన్నా మార్చలేదు, ఎందుకంటే సరిపడా మంది అడగలేదు. ఇంకోచోట 68 శాతం మంది మమ్మల్ని అడగకుండా మార్చవద్దన్నా మార్చేశారు. నార్ఫోక్‌లో మూడింట ఒక వంతు మంది కాదన్నారు కదా అని ఒకరు గుర్తుచేయవచ్చు. నిజమే, ఆ దీవిలో విలీనాన్ని కోరినవారూ గణనీయంగానే ఉన్నారు. వాళ్ల కోరిక తప్పు కాదు. దాన్ని ఓటు ద్వారా గెలిపించుకునే అవకాశం వాళ్లకూ ఇవ్వాల్సింది. అడగకుండా ఇచ్చిన వరం కూడా పౌరుణ్ణి చిన్నబుచ్చుతుంది.

కాబట్టి ఈ పద్నాలుగో సభ కథ నుంచి నేను తేల్చుకున్నది ఇది. చిన్న శాసనసభకు బయటి ఆడిట్ కావాలి, బయటి నిధులు కావాలి, మోయలేని విధులను పెద్ద ప్రభుత్వానికి అప్పగించే తెలివి కావాలి. ఇవన్నీ దాని అధికారాల హద్దులను మార్చే సంగతులు. దాని ఉనికి మాత్రం దాన్ని ఎన్నుకున్నవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆర్థిక వైఫల్యానికి శిక్షగా ప్రాతినిధ్యాన్ని తీసేయడం అంగీకరిస్తే, అప్పుల్లో ఉన్న ఏ పంచాయతీకీ, ఏ నగరపాలక సంస్థకీ, ఏ రాష్ట్రానికీ రేపు రక్షణ ఉండదు. మన పంచాయతీలు, పురపాలక సంఘాలు పాలకవర్గాలు లేకుండా ప్రత్యేకాధికారుల చేతిలో నెలలు, ఏళ్లు గడిపిన సందర్భాలు మనకు కొత్త కాదు. ప్రజాస్వామ్యం చదివే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఎక్కడైనా ఎన్నికైన సభను రద్దు చేశారన్న వార్త చదివినప్పుడు, ఎంత అప్పుందని అడిగే ముందు, అక్కడి ఓటర్లను అడిగారా అని ఆరా తీయండి. అడగలేదని తేలితే, అప్పు ఎంతైనా సరే, ఆ రద్దు తప్పే.